సైన్స్ ఫిక్షన్ ధారావాహికలో నమ్మదగిన పాత్రలను రాయడం

అంతరిక్ష నౌక ఎలా నడుస్తుందో వివరించే ముందు, అందులో బతుకుతున్న మనిషికి ఏది కరవైందో నిర్ణయించుకోండి. 2004లో మొదలైన ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ ధారావాహికలోని తొలి భాగం ‘33’ ఇందుకు నేను ఎప్పుడూ సూచించే పాఠం. శత్రువులైన సైలాన్లు ప్రతి 33 నిమిషాలకు ఒకసారి విరుచుకుపడుతుండగా, ఐదు రోజులకు పైగా నిద్ర లేని సిబ్బంది విసుక్కుంటారు, పొరబడతారు, ఒకరిపై ఒకరు కసురుకుంటారు. ఉత్కంఠ అంతా ఆ అలసటలోంచే పుడుతుంది. మీరూ పాత్రలపై అలాంటి శారీరక పరిమితి ఒకటి విధించి, ప్రతి సంభాషణనూ దాని ఒత్తిడికి లోబడి రాయండి.

సాంకేతిక పదజాలం కొద్దిగా చాలు. పాత్రలకు ముందే తెలిసిన సంగతిని ప్రేక్షకుల కోసం వారిచేత ఒకరికొకరు చెప్పించవద్దు.

అన్నింటికంటే ముఖ్యంగా, నిర్ణయాల భారాన్ని మోయించండి. అదే ‘33’లో, లోపల జనం ఉన్నారో లేరో తేలని ప్రయాణికుల నౌకను కూల్చివేయమని అధ్యక్షురాలు రోస్లిన్ ఆదేశిస్తుంది. ఆ కాల్పుల్లో పాల్గొన్న యుద్ధనౌక పైలట్ లీ అడామాను అపరాధభావం తర్వాతి భాగంలోనూ వెంటాడుతుంది. ఒక భాగంలో తగిలిన గాయం తర్వాతి భాగంలో పాత్ర మాటతీరును ఎలా మారుస్తుందో, రచన మొదలుపెట్టే ముందే విడిగా రాసిపెట్టుకోండి.