‘అలవాటు పడింది’ అని రాయకండి: జీవశాస్త్ర ప్రశ్నలకు జవాబు రాసే పద్ధతి

కడపలో ఇంటర్మీడియట్ విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడు నాకు ఎక్కువగా కనిపించే లోపం విషయం తెలియకపోవడం కాదు, తెలిసిన విషయంలోనే ఒక మెట్టు వదిలేసి పై మెట్టుకు దూకడం. కాబట్టి కలం పట్టే ముందు, ప్రశ్న ఒక జీవి శరీరం గురించి అడుగుతోందా, తరతరాలుగా మారే జనాభా గురించా, లేక జీవులకూ పరిసరాలకూ ఉన్న సంబంధం గురించా అన్నది తేల్చుకోవాలి.

శరీరధర్మ శాస్త్రంలో కారణం నుంచి ఫలితం దాకా గొలుసు ఎక్కడా తెగకూడదు. మే నెల ఎండలో పొలం పని చేసిన మనిషికి మూత్రం తక్కువగా, ముదురు పసుపు రంగులో ఎందుకు వస్తుందని అడిగితే, ‘చెమట పోయింది కాబట్టి’ అన్న జవాబు తప్పు కాదు గాని, అది మొదటి మెట్టు మాత్రమే. చెమటతో నీరు పోయి రక్తం గాఢత పెరిగితే మెదడులోని హైపోథాలమస్ దాన్ని గుర్తిస్తుంది. పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. దాని ప్రభావంతో మూత్రపిండాల్లోని సంగ్రహణ నాళాల నుంచి నీరు మరింతగా తిరిగి రక్తంలో చేరుతుంది. అందువల్ల మూత్రం చిక్కబడుతుంది. నీళ్లు తాగాక ఆ హార్మోను విడుదల తగ్గుతుందన్న వాక్యం కూడా చేరిస్తేనే జవాబు పూర్తవుతుంది.

పరిణామం దగ్గర మన వాడుక భాషే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆదోని ప్రాంతపు పత్తి రైతు ‘పురుగు మందుకు అలవాటు పడింది’ అంటే ఆయన బాధ మనకు అర్థమవుతుంది, ఆ మాటలో తప్పు పట్టవలసిన పని లేదు. పరీక్షలో మాత్రం ఆ మాట రాయకూడదు, ఎందుకంటే ఏ ఒక్క పురుగూ అవసరాన్ని బట్టి తన జన్యువులను మార్చుకోలేదు. మందు చల్లక ముందే కొన్ని పురుగుల్లో దాన్ని తట్టుకునే వైవిధ్యం ఉంది. తక్కినవి చనిపోగా అవి మిగిలి సంతానాన్ని కన్నాయి. ఆ లక్షణం వారసత్వంగా వచ్చింది కాబట్టి తరం తర్వాత తరం జనాభాలో వాటి నిష్పత్తి పెరిగింది. వైవిధ్యం, మనుగడ, వారసత్వం, నిష్పత్తిలో మార్పు అనే నాలుగూ జవాబులో ఉన్నాయో లేదో వేలితో లెక్కపెట్టుకోండి.

ఆవరణ శాస్త్రంలో చిన్న ప్రశ్నలకు నిర్వచనం, ఒక ఉదాహరణ చాలు. పరస్పర లాభదాయక సహజీవనానికి అనంతపురం వేరుశనగ వేరు బుడిపెల్లోని బాక్టీరియాను మించిన ఉదాహరణ వెతకనక్కరలేదు. పెద్ద ప్రశ్నలకు ఆ జీవి ఆవాసాన్ని కచ్చితంగా చెప్పాలి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, 1986లో మన జిల్లాలోనే మళ్లీ కనిపించిన కలివికోడిని కాపాడటానికి అది ఉండే లంకమల అడవి నిండా దట్టంగా చెట్లు నాటవచ్చా అని అడిగితే, చాలామంది ‘నాటవచ్చు, పర్యావరణానికి మంచిది’ అని రాస్తారు. ఈ పక్షి ముళ్లపొదల మధ్య ఖాళీ నేల ఉండే పలుచని చిట్టడవిలో రాత్రిపూట తిరుగుతూ పురుగులను తింటుంది. పొదలు కొట్టి పొలం చేసినా, సందు లేకుండా చెట్లు పెంచినా దాని ఆవాసం పోతుంది. రాసిన జవాబులో కలివికోడి పేరు తీసి పిచ్చుక పేరు పెట్టి చూడండి; వాక్యం అప్పుడూ చెల్లుతుంటే దాన్ని కొట్టేసి మళ్లీ రాయండి.