సెంట్రల్ ఏసీలో గ్యాస్ లీకు పట్టుకోవడం ఎలా?

ఏసీలో గ్యాస్ వాడేకొద్దీ అరిగిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టే, లేదా బిగించిన రోజే తక్కువ నింపినట్టు. ఏటా గ్యాస్ పట్టించుకుంటూ పోవడాన్ని రిపేరు అనరు.

లీకు వెతికే ముందు గ్యాస్ నిజంగా తగ్గిందో లేదో తేల్చుకోవాలి. లావు గొట్టం (ఇండోర్ కాయిల్ నుంచి కంప్రెసర్‌కు గ్యాస్ తిరిగెళ్లేది) మీద మంచు కనిపించగానే గ్యాస్ అయిపోయిందనేస్తారు. ఫిల్టర్‌కు దుమ్ముపట్టి గాలి సరిగా ఆడకపోయినా అదే మంచు కడుతుంది. కూలింగ్ ఆపి, ఫ్యాన్ ఒక్కటే నడిపి మంచంతా కరగనివ్వండి. ఫిల్టర్ మార్చండి, మూసిన గ్రిల్స్ తెరవండి. ఇంట్లోవాళ్లు చేసుకోగలిగింది ఇంతవరకే. ప్రెషర్ చూసే గేజ్‌లు పెట్టడం, ఆ తర్వాతి పనులు శిక్షణ ఉన్న టెక్నీషియన్‌వి.

ఏసీ ఆగి ఉన్నప్పుడు చూసిన ప్రెషర్‌ని నమ్మొద్దు. లోపల కాస్త ద్రవం మిగిలున్నా గేజ్ ఆ ఉష్ణోగ్రతకు తగ్గ ప్రెషరే చూపిస్తుంది, సగం ఖాళీ అయినా బయటపడదు. పావుగంట నడిపాక చూడాలి. ఆర్-410ఏ గ్యాస్ అయితే, లావు గొట్టం వైపు ప్రెషర్ 118 పీఎస్ఐ (ప్రెషర్ కొలమానం) ఉంటే కాయిల్‌లో అది దాదాపు 4.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతోందన్నమాట. 87కి పడిపోతే మరిగేది మైనస్ 4 దగ్గర. అప్పుడు ఆ గొట్టం 14 డిగ్రీలుంటే సూపర్‌హీట్ (మరిగే ఉష్ణోగ్రత కన్నా గొట్టం ఎంత వేడిగా ఉందో ఆ తేడా) 18, అంటే బాగా ఎక్కువ. దాంతోపాటు ద్రవం వెళ్లే సన్న గొట్టం మీద సబ్‌కూలింగ్ (గ్యాస్ ద్రవంగా మారే ఉష్ణోగ్రత కన్నా ఆ గొట్టం ఎంత చల్లగా ఉందో ఆ తేడా) యూనిట్ మీది వివరాల రేకు, అంటే నేమ్‌ప్లేట్, అంకెకన్నా బాగా తక్కువుంటే గ్యాస్ తగ్గినట్టే. సబ్‌కూలింగ్ తగ్గకుండా సూపర్‌హీట్ ఒక్కటే పెరిగితే డ్రయర్‌లోనో (తడి పీల్చే ఫిల్టర్) ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోనో (కాయిల్‌లోకి ద్రవాన్ని కొలిచి వదిలేది) అడ్డు పడిందేమో చూడండి.

ఇక వెతుకులాట కళ్లతోనే మొదలెట్టండి. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా ఊరుతుంది కాబట్టి, లీకున్న చోట దుమ్ము జిడ్డుగా అంటుకుని ఉంటుంది. సర్వీస్ పోర్టుల్లో వాల్వ్ పిన్, బ్రేజింగ్ చేసిన (లోహం కరిగించి అతికిన) అతుకులు, గొట్టాలను కలిపే ఫ్లేర్ నట్లు, ఇండోర్ కాయిల్ చివర యూ బెండ్లు, గొట్టాలు రేకుకు రాసుకునే చోట్లు తప్పకుండా చూడండి. పోర్టు మూతలు పోగొట్టుకుని అలాగే వదిలేసే ఇళ్లు ఎన్నో!

ఎలక్ట్రానిక్ డిటెక్టర్ పట్టుకుంటే ఫ్యాన్ ఆపండి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, అందుకే ప్రోబ్‌ని అతుకు కింద సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున జరపండి. అది కూసిన చోట లీక్-టెస్ట్ సబ్బు ద్రావణం రాయండి. సన్న లీకులో పెద్ద బుడగలు రావు. కొన్ని నిమిషాలకు తెల్లటి మెత్తని నురగ కడుతుంది.

అప్పటికీ దొరక్కపోతే మిగిలిన గ్యాస్‌ని రికవరీ సిలిండర్లోకి తీసి, రెగ్యులేటర్ పెట్టి డ్రై నైట్రోజన్ నింపాలి. నేమ్‌ప్లేట్ మీదున్న లో-సైడ్ టెస్ట్ ప్రెషర్ దాటకూడదు. ఆక్సిజన్ అసలు వాడకూడదు, నూనెతో కలిస్తే పేలుతుంది. 300 పీఎస్ఐ దగ్గర ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ప్రెషర్ దానంతటదే సుమారు 10 పీఎస్ఐ పడుతుంది, దాన్ని లీకనుకోవద్దు.

లీకు మూసి, డ్రయర్ మార్చాక పంపుతో లోపలి గాలి లాగి వ్యాక్యూమ్‌ని 500 మైక్రాన్లకు (వ్యాక్యూమ్ కొలమానం) దించి, పంపు వైపు వాల్వ్ మూసేయండి. అంకె కొంత పెరిగి ఆగితే లోపల తడి ఉంది. ఆగకుండా పెరుగుతూనే ఉంటే ఇంకో లీకుంది. గ్యాస్‌ని త్రాసు మీద తూచి, నేమ్‌ప్లేట్ బరువుకు గొట్టాల పొడవును బట్టి సరిచేసి నింపండి. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం కాబట్టి సిలిండర్ నుంచి ద్రవంగానే తీయాలి.