మోడల్ ఇంజన్ (సొంతంగా చేసుకునే చిన్న ఇంజన్) మొదలుపెట్టేవాళ్లకి: లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) ఆన్ చేసే ముందు చూసుకోవాల్సినవి

చేతిలో ఉన్న లోహం ఏంటో తెలియకుండా దాన్ని చక్‌లో (లేత్ మీద ముక్కని పట్టి తిప్పే భాగంలో) బిగించొద్దు, అన్నిటికంటే ముందు ఇది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట తుక్కు కొట్లలో ముక్కలు చవగ్గా దొరుకుతాయి, నేనూ అలాగే కొంటా, కానీ వాటి మీద పేరు రాసుండదు కదా. అయస్కాంతం అంటుకుంటే గ్రైండర్‌కి కాస్త ఆనించి చూడండి (కళ్లద్దాలు పెట్టుకునే), లేత పసుపు రవ్వలు పొడుగ్గా వస్తే ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్), ఎర్రగా పొట్టిగా వచ్చి ఆరిపోతే బీడు (కాస్ట్ ఐరన్). అంటుకోని ముక్కల్ని మాత్రం గ్రైండర్ దగ్గరికి తీసుకెళ్లొద్దు, అల్యూమినియం, ఇత్తడి రాయి సందుల్లో ఇరుక్కుని రాయి వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. మరీ తేలిగ్గా ఉన్న ముక్క, పాత చైన్‌సా క్రాంక్‌కేస్ (ఇంజన్ బయటి డొప్ప) లాంటిది, మెగ్నీషియం కావొచ్చు. ఒక మూల గీకి వెనిగర్ చుక్క వెయ్యండి, బుసబుసా పొంగితే పక్కన పెట్టేయండి. దాని పొట్టుకి నిప్పంటుకుంటే నీళ్లు అస్సలు పోయకూడదు, పొడి ఇసుకే చల్లాలి.

ఇక దేనికి ఏది. సిలిండర్‌కి బీడు, క్రాంక్‌షాఫ్ట్‌కి ఈఎన్8 (ఎమ్మెస్ కంటే గట్టి స్టీల్), బుష్‌లకి (షాఫ్ట్ తిరిగే గొట్టాలకి) గన్‌మెటల్ (ఒక రకం కంచు). స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ రుద్దుకునేలా ఎక్కడా పెట్టొద్దు, ఒకదాన్నొకటి పీక్కుని పట్టేస్తాయి. పిస్టన్ దగ్గరే నేను దెబ్బతిన్నా. 20 ఎంఎం బోర్‌కి (సిలిండర్ లోపలి రంధ్రానికి) అల్యూమినియం పిస్టన్ చేశా, చల్లగా ఉన్నప్పుడు నూనె రాసి వదిలితే మెల్లగా జారుతూ దిగింది, ఎంత మురిసిపోయానో, స్టార్ట్ చేసి వేడెక్కేసరికి పట్టేసింది, విప్పి చూస్తే బోర్ నిండా నిలువు గీతలు. తర్వాత లెక్కేస్తే, 20 ఎంఎం అల్యూమినియం 100 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.046 ఎంఎం పెరుగుతుంది, బీడు అందులో సగమే, పైగా పిస్టన్ సిలిండర్ కంటే ఎక్కువ కాగుతుంది. అందుకే మొదటి ఇంజన్‌కి పిస్టన్ కూడా బీడుదే చేసుకోండి, అందులో గ్రాఫైట్ ఉంటుంది కాబట్టి బీడు మీద బీడు చక్కగా నడుస్తుంది.

బీడు పోతకి పైన గట్టి పొర ఉంటుంది, మొదటి కట్ భయపడి పైపైన తీస్తే టూల్ అంచే పోతుంది, పొర కిందికి దిగేలా తియ్యండి. కూలెంట్ అక్కర్లేదు. నల్లటి పొడి మాత్రం మాస్క్ లేకుండా పీల్చొద్దు, అది బెడ్ (లేత్ కింది పట్టాలు) మీద ఉండిపోతే లేత్‌ని కూడా అరగదీస్తుంది, పని అవ్వగానే తుడిచెయ్యండి.

ఇత్తడి పట్టీని చేత్తో పట్టుకుని డ్రిల్ వేస్తారు చూడండి, అది చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. బిట్ అవతలికి దూరే క్షణంలో పట్టీని స్క్రూలా పట్టి పైకి లాగేస్తుంది, అది గిర్రున తిరిగి వేళ్ల మీదికే వస్తుంది. వైస్‌లో బిగించండి, బిట్ అంచుని రాయి మీద కాస్త చదును చెయ్యండి.

లేత్ దగ్గర గ్లోవ్స్, ఉంగరం, పొడుగు చేతుల చొక్కా వద్దు. చక్ కీ (చక్‌ని బిగించే తాళం) మీద నుంచి చెయ్యి తీస్తే కీ చక్ బయటే ఉండాలి. తిరిగే ముక్క చుట్టూ ఎమరీ పేపర్ చుట్టి పట్టుకోవద్దు.

మొదటిసారి స్టార్ట్ చేసేది గదిలో కాదు, పొగ విషం, ఆరుబయట చెయ్యండి, పెట్రోల్ డబ్బా మూతపెట్టి దూరంగా పెట్టేసి, ఫ్లైవీల్ తిరిగే వరుసలో ముఖం లేకుండా పక్కకి నిలబడి తిప్పండి.