ఐసీయూ ట్రయల్స్ అంకెలు గుర్తుండాలంటే

ట్రయల్ (రోగుల్లో చికిత్సల్ని పోల్చి చూసే అధ్యయనం) పేరు, 'మేలు చేసింది' అన్న ముక్క మాత్రమే బట్టీ పడితే వైవాలో (నోటి పరీక్షలో) రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ట్రయల్‌కి ఒక కార్డు పెట్టుకోండి: ఎవరిలో, ఏం చేసి, దేనితో పోల్చి, ఎన్ని రోజులకి, ఎంత తేడా.

అంకెల్ని ఐసీయూ బెడ్ చుట్టూ ఉన్న వస్తువులకే తగిలించండి. వెంటిలేటర్ చూడగానే ఆర్డ్స్‌నెట్, 2000: ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు హఠాత్తుగా తీవ్రంగా దెబ్బతినే జబ్బు) రోగులకి ఒక్కో శ్వాసకి కిలోకి 6 మి.లీ. గాలి ఇస్తే ఇంటికెళ్ళేలోపు మరణాలు 31 శాతం, 12 ఇస్తే 39.8. ఈ కిలోలు ఎత్తునీ ఆడా మగా అన్నదాన్నీ బట్టి కట్టిన లెక్క. తూకం బరువు కాదు. చాలామంది తప్పేది ఇక్కడే.

పరుపు చూస్తే ప్రోసెవా, 2013: రోజూ వరుసగా కనీసం 16 గంటలు బోర్లా. 28 రోజుల మరణాలు 16 శాతం, వెల్లకిలా ఉంచినవాళ్ళలో 32.8. పదహారు రెండుసార్లు వచ్చింది, దాన్నే పట్టుకోండి. పీఎఫ్ నిష్పత్తి (రక్తంలో ఆక్సిజన్ పీడనాన్ని, పీల్చే గాలిలో ఆక్సిజన్ వంతుతో భాగిస్తే వచ్చేది) 150 లోపు ఉన్న తీవ్ర ఏఆర్‌డీఎస్ రోగులనే షరతు మాత్రం వదలొద్దు.

గ్లూకోమీటర్‌కి నైస్ షుగర్, 2009: రక్తంలో చక్కెరని 81–108 మి.గ్రా./డె.లీ. మధ్య బిగిస్తే 90 రోజుల మరణాలు 27.5 శాతం, 180 లోపు చాలనుకుంటే 24.9.

కార్డు ఊరికే చదవకండి. మూసి, పైకి చెప్పి, అప్పుడు చూడండి. మర్నాడు, 3 రోజులకి, వారానికి, నెలకి. తప్పిన కార్డు మళ్ళీ మర్నాటి కట్టలోకే.