మత్తు క్రీము రాసినా సూది నొప్పి తగ్గలేదా? ఎక్కడ తేడా కొట్టిందో చూద్దాం

రక్తపరీక్షకు, సెలైన్ పెట్టడానికి, తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించడానికి, డయాలసిస్ సూదులకు ముందు చర్మం మొద్దుబారడానికి రాసే క్రీము గురించి ఇది. మన మెడికల్ షాపుల్లో ప్రిలాక్స్ లాంటి పేర్లతో దొరుకుతుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఎమ్లా అంటే తెలుస్తుంది. పేరేదైనా ట్యూబు మీద ఉండాల్సినవి రెండే: లిగ్నోకెయిన్ 2.5 శాతం, ప్రిలోకెయిన్ 2.5 శాతం. డాక్టరు రాసిచ్చారు, ఎంత రాయాలో చెప్పారు, నర్సు ఒకసారి రాసి చూపించింది అనుకునే ఇక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.

పిల్లల వార్డులో పనిచేసే నాలాంటి నర్సులకు రోజూ వినపడే మాట, "సిస్టర్, ఆ క్రీము దండగ, మావాడికి పనిచేయదు." చాలాసార్లు తేడా క్రీములో ఉండదు.

రాశాం, అయినా సూది నొప్పి మామూలుగానే ఉంది

ముందు అడిగేది ఒక్కటే: ఎన్నింటికి రాశారు? "ఇందాకే సిస్టర్, ఆటోలో వస్తూ రాశాం" అంటారు. ఆటో దిగి, ఓపీ చీటీ తీసుకుని, లోపలికి వచ్చేసరికి ఇరవై నిమిషాలు కూడా అయ్యుండదు. ఈ క్రీముకు కనీసం 60 నిమిషాలు కావాలి. చర్మం పైపొరను దాటి మందు కింద నొప్పిని మోసే నాడుల దాకా మెల్లగా ఇంకాలి. గంటకు సుమారు 3 మిల్లీమీటర్లు, రెండు గంటలకు 5 మిల్లీమీటర్ల లోతు వరకు నొప్పి తెలియకుండా చేస్తుంది. ఇరవై నిమిషాల్లో జరిగేది ఏమీ లేదు. ఇంత చిన్న విషయం ఎన్నిసార్లు చెప్పినా, గడియారం చూడకుండానే "పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ.

పదింటికి సూది అంటే ఎనిమిదిన్నరకు ఇంట్లోనే రాసెయ్యండి. పైన అతికించిన ప్లాస్టరు మీద పెన్నుతో టైం రాయండి. టోకెన్ ఆలస్యమైతే టెన్షన్ పడక్కర్లేదు. ఏడాది దాటి 10 కిలోలు పైబడిన పిల్లలకు నాలుగు గంటలు, పెద్దవాళ్లకు ఐదు గంటల వరకు ఉంచవచ్చు. ఏడాది లోపు పసివాళ్ల లెక్క వేరు. వాళ్లకు ఇంట్లో రాసి తీసుకురావద్దు, ఆసుపత్రిలోనే రాయించండి.

టైం సరిపోయినా నొప్పి ఉందంటే రాసిన తీరు చూడాలి. ముఖానికి రాసుకునే క్రీములా రుద్ది ఇంకించేస్తే దీనితో ఉపయోగం లేదు. రుద్దకుండా మందంగా, కుప్పగా పెట్టాలి. ఏడాది దాటినవాళ్లకు ఒక చోటికి 2 గ్రాములు, అంటే 5 గ్రాముల ట్యూబులో సగానికి కాస్త తక్కువ. పైన గాలి చొరకుండా పారదర్శకంగా ఉండే డ్రెస్సింగ్ అతికించాలి. అది దొరక్కపోతే వంటింటి క్లింగ్ ఫిల్మ్ పెట్టి నాలుగు అంచులా టేపు వేయండి. దూది, గాజుగుడ్డ పెట్టొద్దు, క్రీమంతా అవే పీల్చేస్తాయి. డ్రెస్సింగ్ తీసినప్పుడు కింద ఇంకా తెల్లగా క్రీము మిగిలి ఉండాలి. పొడిగా కనిపిస్తే పల్చగా రాశారు, లేదా అంచులోంచి కారిపోయింది.

ఇక ట్యూబే తప్పు కావడం. షాపులో "మత్తు క్రీము" అని అడిగితే మూత్రం గొట్టం వేసేటప్పుడు వాడే 2 శాతం లిగ్నోకెయిన్ జెల్లీ చేతిలో పెట్టే సందర్భాలు ఉన్నాయి. అది తడిగా ఉండే లోపలి పొరల కోసం. మామూలు చర్మం మీద గంట ఉంచినా పైనే ఉంటుంది. ప్రిలోకెయిన్ అన్న మాట ట్యూబు మీద లేకపోతే డాక్టరు రాసిన చీటీతో మళ్లీ పోల్చి చూసుకోండి.

టైం సరిపోయింది, మందంగానే రాశాం, అయినా పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు

అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. వార్డులో మమ్మల్నీ చాలాకాలం తిప్పలు పెట్టింది.

గంటన్నర తర్వాత డ్రెస్సింగ్ తీసి క్రీము తుడవగానే చేతి మీద ఒక తెల్లటి మచ్చ కనిపిస్తుంది. క్రీము ఎంతమేర ఉందో అంతమేరా చర్మం పాలిపోయి, అంచు గీత గీసినట్టు ఉంటుంది. పొద్దున ఇంట్లో వాళ్లమ్మ చూసినప్పుడు పచ్చగా స్పష్టంగా ఉన్న నరం (సూది వేసే రక్తనాళం) ఆ తెల్లటి మేరలోకి రాగానే మాయమవుతుంది, అటు దాటాక మళ్లీ కనిపిస్తుంది. సిస్టర్ పట్టీ కడుతుంది, రెండు వేళ్లతో తడుతుంది, పిడికిలి బిగించమంటుంది. ఏమీ తగలదు. బయట ఇంకో పదిమంది ఎదురుచూస్తుంటారు. దాంతో రెండో చెయ్యి అందుకుంటుంది. అక్కడ నరం బాగా కనిపిస్తుంది, సూది అక్కడే దిగుతుంది. ఆ చేతికి క్రీము లేదు.

పిల్లాడికి పూర్తి నొప్పి. అమ్మకు "క్రీము రాసినా ఏడ్చాడు" అని గుర్తుండిపోతుంది. మేము కేస్ షీటులో "నరం దొరకలేదు" అని రాస్తాం. క్రీము తన పని తాను చక్కగా చేసింది, కాకపోతే సూది రాని చోట చేసింది. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే పిల్లలకు ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి ట్యూబు చూడగానే మంచం కింద దూరతారు.

కారణం ఏమిటంటే, ఈ మందులు మొదట చర్మంలోని సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి. తెల్లబడటం అందుకే. మొదటి గంట, గంటన్నర ఇది ఎక్కువగా ఉంటుంది. రెండు గంటలు దాటి క్రీము అలాగే ఉంటే వ్యవహారం తిరగబడి నాళాలు తెరుచుకుంటాయి, చర్మం ఎర్రబడుతుంది. అంటే మనం సరిగ్గా సూది వేసే వేళకే నరం దాక్కునే వేళ కూడా వస్తోంది. దానికి తోడు పరగడుపున తెచ్చిన పిల్లాడు, నీళ్లు కూడా తాగలేదు, పైన ఏసీ చలి, లోపల భయం. ఇవన్నీ నరాలను ఇంకా కుంచించేస్తాయి. చివరికి "మీవాడి నరాలే సన్నం" అన్న మాట పిల్లాడి మీద పడుతుంది.

దీనికి మందు రాయకముందే పని మొదలుపెట్టాలి. మంచి నరం ఎక్కడుందో ముందే చూసుకోండి. పోయినసారి ఎక్కడ దొరికిందో సిస్టర్‌ను అడిగి గుర్తుపెట్టుకోండి. క్రీము పెట్టబోయే మేరకు బయట, నరం లోపలికి వెళ్లే చోట ఒక చుక్క, బయటికి వచ్చే చోట ఇంకో చుక్క బాల్ పెన్నుతో పెట్టండి. క్రీము కింద పెడితే తుడిచేటప్పుడు చెరిగిపోతుంది, అందుకే బయట పెట్టమంటున్నాను. తెల్లబడ్డాక ఆ రెండు చుక్కల్ని కంటితో కలిపితే నరం దారి తెలిసిపోతుంది.

రెండోది, ఒక్కచోటే రాయకండి. ఎడమ చేతి వెనక ఒకటి, కుడి మోచేతి మడతలో ఒకటి అన్నట్టు రెండు చోట్ల పెడితే మొదటిచోట కుదరకపోయినా సూది క్రీము ఉన్న చోటికే వెళ్తుంది. అయితే పసిపిల్లల్లో మొత్తం మోతాదు దాటకూడదు. మూడు నెలల లోపు లేదా 5 కిలోల లోపు బిడ్డకు అన్నీ కలిపి 1 గ్రామే, గంటకు మించి ఉంచకూడదు. 3 నుంచి 12 నెలలు, 5 కిలోలు పైబడిన బిడ్డకు అన్నీ కలిపి 2 గ్రాములు. అంటే రెండు చోట్లంటే చెరో గ్రాము, అంతేగానీ చెరో రెండు కాదు.

మూడోది, పిలిచేదాకా ఆగకుండా పది పదిహేను నిమిషాల ముందే క్రీము తీసి శుభ్రంగా తుడిచేయండి. తీసేశాక కూడా గంట పైన మొద్దుబారే ఉంటుంది, ఆ భయం అక్కర్లేదు. పాలిపోయిన రంగు కాస్త వెనక్కి వస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో పిండిన గుడ్డ నరం మీద వేసి, చెయ్యి కిందికి వేలాడేలా ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. గుడ్డ వేడి ముందు మీ మణికట్టు మీద చూసుకోండి, ఎందుకంటే పిల్లాడి చర్మం మొద్దుబారి ఉంది, కాలినా చెప్పలేడు. క్రీము ఉండగా మాత్రం వేడి తగలనివ్వొద్దు, మందు ఒంట్లోకి ఎక్కువగా పోతుంది. పరగడుపు అక్కర్లేని పరీక్ష అయితే నీళ్లు బాగా తాగించండి.

ఇంకొకటి నోరు తెరిచి చెప్పాలి: "సిస్టర్, క్రీము ఇక్కడుంది, తెల్లబడింది, ఒక్క ఐదు నిమిషాలు చూద్దామా?" బిడ్డ పరిస్థితి సీరియస్‌గా ఉంటే మాత్రం ఆగమనకండి, అప్పుడు ఏ నరం దొరికితే అదే. నా తోటి సిస్టర్లకు ఒక మాట: ఆ తెల్లటి చర్మం మీద కంటికంటే వేలికొసను నమ్మండి.

డయాలసిస్ వాళ్లకు ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి సిద్ధం చేసిన చేతి రక్తనాళం) పెద్దది కాబట్టి అది మాయం కాదు. కానీ సూది చోటు ప్రతిసారీ కాస్త జరుపుతారు. మీరు పోయినసారి గుచ్చిన చోటే రాసుకుని వస్తారు, టెక్నీషియన్ ఈసారి రెండు వేళ్ల పైన గుచ్చుతాడు. లేవబోయే ముందే "మళ్లీసారి ఎక్కడ?" అని అడిగి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చాక సబ్బుతో క్రీము జిడ్డు పూర్తిగా కడిగాకే కుర్చీ ఎక్కండి, లేకపోతే టేపు నిలవదు.

గుచ్చినప్పుడు ఏమీ లేదు, మందు ఎక్కిస్తుంటే మంట

ఇది క్రీము తప్పు కాదు. కండలోకి వేసే ఇంజెక్షన్ దాని అందుబాటు దాటి వెళ్తుంది. మందు లోపల పుట్టించే మంటను పైన రాసిన క్రీము ఆపలేదు. కొన్ని యాంటీబయాటిక్‌లు, పొటాషియం నరంలోకి వెళ్తుంటే మండుతాయి, అలాంటప్పుడు డ్రిప్ వేగం తగ్గించమని అడగండి. టీకాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో ఖర్చు, సమయం చూసి ఈ క్రీములను అందరికీ వాడమని చెప్పలేదు. ఒళ్లో నిటారుగా పట్టుకోవడం, పాలిస్తూ వేయించడం, ఎక్కువ నొప్పి పెట్టేది చివర వేయడం మేలంది. అప్పుడే పుట్టిన బిడ్డకు మడమ గుచ్చి తీసే రక్తానికి ఈ క్రీము పనిచేయదు, పాలు పట్టడమే నయం.

"నాకు తెలుస్తోంది" అని పిల్లాడు ఒప్పుకోవడం లేదు

స్పర్శ, ఒత్తిడి తెలుస్తాయి. పోయేది నొప్పే. గోటితో మెల్లగా గీరి పక్క చర్మంతో పోల్చి చూపించండి. "అసలేమీ తెలియదు" అని ముందే ఊరిస్తే పట్టీ బిగించగానే మోసపోయానని ఏడుస్తాడు. "ఒత్తినట్టు ఉంటుంది, గుచ్చినట్టు ఉండదు" అని చెప్పండి.

మిగతా చిన్నాచితకా

ఎగ్జిమా (దురదతో పొడిబారిన మచ్చలు) ఉన్న చర్మంలో మందు త్వరగా ఇంకుతుంది, త్వరగా పోతుంది. అక్కడ ఎంతసేపు ఉంచాలో డాక్టరే చెప్పాలి. తెగిన చోట, పుండు మీద, కంటి దగ్గర వద్దు. బీసీజీ టీకా వేసే చోట అడగకుండా రాయొద్దు. కాస్త ఎరుపు, దురద మామూలే. "మా వంశంలో ఎవరికీ మత్తు ఎక్కదు" అనేవాళ్లు ముందు ప్లాస్టరు మీద రాసిన టైం చూడండి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

పెదాలు, గోళ్లు నీలంగా లేదా బూడిద రంగులోకి మారడం, బిడ్డ మందగించడం, ఊపిరి వేగం కావడం. ప్రిలోకెయిన్ ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వెళ్తుంది. క్రీము వెంటనే తుడిచేసి ఆసుపత్రికి పరుగెత్తండి, ఏ క్రీము ఎంత రాశారో చెప్పండి, ట్యూబు వెంట తీసుకెళ్లండి. నెలలు నిండని బిడ్డలకు, జి6పిడి లోపం (ఎర్ర రక్తకణాల్లో ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లకు, సల్ఫా మందులు, కుష్టుకు ఇచ్చే డాప్సోన్ లాంటివి వాడుతున్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. ఈ విషయాలు క్రీము రాయించుకోకముందే డాక్టరుకు చెప్పాలి.

లేజర్‌తో వెంట్రుకలు తీయించుకునే పెద్దవాళ్లు కాళ్లంతా రాసి ప్లాస్టిక్ చుట్టుకోవడం ఇంకో ప్రమాదం. అలా ఎక్కువ గాఢత ఉన్న మత్తు క్రీములు రాసుకున్న ఇద్దరు యువతులు అమెరికాలో చనిపోయాక 2007లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. పార్లరులో డబ్బాలోంచి తీసి రాస్తుంటే అందులో ఏ మందు ఎంత శాతం ఉందో అడగండి. చెప్పలేకపోతే లేచి వచ్చేయండి.

నడిచే వయసు పిల్లలైతే డ్రెస్సింగ్ పీకి నోట్లో పెట్టుకుంటారు. నాలుక, గొంతు మొద్దుబారితే మింగేటప్పుడు పొలమారుతుంది. ప్లాస్టరు మీద ఒక పాత సాక్సు తొడిగి, టైం మీ ఫోన్లో కూడా పెట్టుకోండి.