ప్లేట్లు నేర్చుకుందాం – 2వ పాఠం: ప్లేయర్ కొనకముందే ప్లేటు చూడటం రావాలి

పోయిన పాఠంలో గ్రామఫోన్ ప్లేట్లలో 78, ఈపీ, ఎల్పీ అని మూడు రకాలు చెప్పుకున్నాం కదా. 78 అంటే లక్కతో చేసింది, బరువు, కింద పడితే పెంకుల్లా పగిలిపోద్ది, సైడుకి మూడు నిమిషాలు, ఒక పాట. ఈపీ అంటే చిన్నది, 7 అంగుళాలు, 45 స్పీడు (అంటే నిమిషానికి 45 చుట్లు), మన సినిమా ఈపీల్లో సైడుకి రెండేసి పాటలు. ఎల్పీ అంటే 12 అంగుళాలు, 33 స్పీడు, సైడుకి ఇరవై నిమిషాలు అటూ ఇటూ. అమ్మేవాళ్ళు మాత్రం మూడింటినీ కలిపి గ్రామఫోన్ ప్లేట్లు అనే అంటారు, అడిగి చూసి తేల్చుకోవాల్సింది మనమే.

ఇక అసలు ప్రశ్న, ప్లేట్లు కొని వినే ఈ హాబీ మొదలుపెట్టాలా వద్దా. దీనికి అందరూ ముందు ప్లేయర్ గురించి అడుగుతారు, బెల్ట్ డ్రైవా డైరెక్ట్ డ్రైవా, బ్లూటూత్ ఉన్నదా లేనిదా అని. ఆ సంగతి 4వ పాఠం దాకా ఎత్తొద్దు. ప్లేయర్ ఎప్పుడైనా దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో నొక్కితే ఇంటికొస్తది, కానీ మీకు కావాల్సిన పాట ప్లేటు మీద అసలు వచ్చిందా, వస్తే వినగలిగే స్థితిలో ఉందా, ఈ రెండూ తేలకుండా ఇరవై వేలు పెట్టి ప్లేయర్ తెచ్చుకుంటే దాని మీద దుమ్ము తుడవడమే హాబీ అయిపోద్ది.

కాబట్టి ముందు ఒక కాగితం తీసుకోండి. మీరు మళ్ళీ మళ్ళీ వినే పాటలు ఒక ఇరవై రాయండి, నలుగురికీ చూపించుకోడానికి రాసేవి కాదు, నిజంగా బస్సులోనూ వంటింట్లోనూ వినేవి. పక్కన సంవత్సరం వేయండి. ఇప్పుడు ఆ సంవత్సరాల్ని చూడండి. 1950ల పాటలు, అంటే ఘంటసాల, లీల, జిక్కి కాలం, ఇవి ముందు 78ల మీద వచ్చాయి, వాటిలో బాగా ఆడినవి తర్వాత ఈపీలుగా, ఎల్పీలుగా మళ్ళీ వేశారు. 60ల నుంచి 80ల దాకా ఈపీల రాజ్యం, 70లు 80ల్లో ఎల్పీలు కూడా బాగానే వచ్చాయి. 80ల్లో క్యాసెట్ వచ్చి మొత్తం ఊడ్చేసింది, 90ల మొదటికొచ్చేసరికి మన దగ్గర రికార్డులు వేయడమే దాదాపు ఆగిపోయింది. అంటే మీ ఇరవైలో పదిహేను పాటలు 1995 తర్వాతవైతే మీకు ఈ హాబీ పెద్దగా పనికిరాదు అని నేను మొహమాటం లేకుండా చెప్తాను. ఈమధ్య కొత్త సినిమాల పాటలు కూడా వినైల్ (ఈపీలు, ఎల్పీలు చేసే ప్లాస్టిక్) మీద వేస్తున్నారు, నిజమే, కానీ అవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, పైగా డిజిటల్‌గా రికార్డు చేసిన పాటని ప్లేటు మీదకెక్కించి రెండు మూడు వేలకి అమ్ముతుంటే మీ ఫోన్లో ఉన్నదానికన్నా అందులో కొత్తగా వినపడేది ఏముంటది చెప్పండి. అట్ట అందంగా ఉంటది, గోడకి పెట్టుకోవచ్చు, అంతవరకు ఓకే.

అదే మీ లిస్టులో సుశీల, మొదటి రోజుల బాలు, చక్రవర్తి, 80ల ఇళయరాజా ఎక్కువున్నారా, అప్పుడు ఆలోచించొచ్చు. కర్ణాటక సంగీతం ఉంటే ఇంకా మంచిది. వీణ చిట్టిబాబు, ఈమని శంకరశాస్త్రి, బాలమురళీకృష్ణ, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, వీళ్ళ ఎల్పీలు తరచుగానే కనపడతాయి, పైగా అవి ఎక్కువగా ఇళ్ళల్లో జాగ్రత్తగా వాడినవి. పాత ఇంగ్లీషు రాక్, జాజ్ వినేవాళ్ళకైతే అస్సలు ఇబ్బందే లేదు, అమెరికాలో ఉన్నవాళ్ళు త్రిఫ్ట్ స్టోర్‌లోనో గరాజ్ సేల్‌లోనో ఒకటి రెండు డాలర్లకే మొదలుపెట్టొచ్చు, తెలుగు మాత్రం అక్కడ వెతక్కండి.

సౌండ్ గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్దాం. వినైల్ అంటే సీడీ కన్నా గొప్ప సౌండ్ అని చెప్పేవాళ్ళని నమ్మొద్దు. బాగా గట్టి శబ్దానికీ బాగా మెల్లని శబ్దానికీ మధ్య దూరం సీడీలో 96 డెసిబెల్స్, మంచి ప్లేటులో 60, 70 వస్తే ఎక్కువ. ప్లేటులో మజా వేరేది, పాత పాట అప్పటివాళ్ళు విన్న మిక్సింగ్‌లో వినపడతది, తర్వాత సీడీల్లో కొందరు కలిపిన ఎకోలు, అనవసరపు బాసు అందులో ఉండవు. నాకైతే అదొక్కటే కారణం చాలు. మీకు చాలదు అనిపిస్తే ఇక్కడే ఆపేయండి, డబ్బులు మిగుల్తాయి.

సరే లిస్టు పాసైంది అనుకుందాం. ఇప్పుడు అసలు విద్య, ప్లేటుని కంటితో చదవడం.

తెలుగు సినిమా ఈపీలు ఎక్కడ్నుంచి వస్తున్నాయో ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే సగం కథ అక్కడే ఉంది. ఆ రోజుల్లో సొంత ప్లేయర్ ఉన్న ఇళ్ళు తక్కువ. ప్లేట్లు పెట్టెలకొద్దీ కొన్నది మైక్ సెట్ వాళ్ళు. పెళ్ళి, గుడి, సంబరం, ఓట్ల ప్రచారం, రికార్డింగ్ డాన్సు, ఏదైనా సరే కొబ్బరి చెట్టుకి హారన్ కట్టి పొద్దున్నుంచి రాత్రి దాకా అవే పాటలు. ముల్లు అరిగినా మార్చరు, ప్లేటు మీద బరువు ఎక్కువ మోపే పికప్పు (ముల్లుండే తల), చుట్టూ దుమ్ము. ఆ షాపులు మూతపడ్డాక ఆ పెట్టెలే పాత సామాన్ల వాళ్ళకి చేరాయి. లేబుల్ మీద ఫలానా సౌండ్ సర్వీస్ అని రబ్బరు స్టాంపో, పెన్నుతో వేసిన పెద్ద నంబరో కనపడిందంటే అది మైక్ సెట్ ప్లేటు. చూడ్డానికి గీతలు లేకపోయినా ముల్లు నడిచే గాడి లోపల అరిగిపోయి ఉంటది. హిట్ పాట ఉన్న సైడే ఎక్కువ అరుగుద్ది, వెనక సైడు చాలాసార్లు కొత్తదానిలా ఉంటది, అది గమనించండి, ఎందుకంటే మీకు కావాల్సింది ఆ వెనక పాటే అయితే మీ పంట పండినట్టే.

ఇప్పుడు చేతిలోకి తీసుకోండి. గాడులున్న చోట వేళ్ళు తగలకూడదు, అంచు అరచేతికి, మధ్య లేబుల్ వేళ్ళకి, అంతే. ట్యూబ్‌లైట్ కింద ఏదీ కనపడదు, అన్నీ బానే ఉన్నట్టుంటాయి. ఎండలోకి తీసుకెళ్ళండి లేదా ఫోన్ టార్చ్ వేసి ప్లేటుని ఏటవాలుగా తిప్పండి. నల్లగా నిగనిగలాడుతూ వెలుగు ఒక సన్నటి గీతలా జరుగుతుంటే మంచిది. పాట గట్టిగా ఉండే చోట్ల బూడిద రంగు తిరిగి వెలుగు మసకబారితే అది అరుగుదల, దాన్ని ఏ సబ్బుతో కడిగినా పోదు, బరబరమనే శబ్దం అలాగే ఉంటది. మురికి వేరు, అరుగుదల వేరు, కొత్తవాళ్ళు ఈ రెండింటినే కలిపేసుకుంటారు. తెల్లగా మబ్బులా పట్టిన బూజు, చిలకలూరిపేటైనా కాకినాడైనా వానాకాలం అటక మీదున్న ప్లేట్లన్నిటికీ పడతది, అది చాలావరకు కడిగితే పోద్ది, అలాంటివి వదులుకోవద్దు, బేరానికి కూడా పనికొస్తది.

గీతల సంగతి. గోరుని మెల్లగా గీత మీదుగా అడ్డంగా పోనిచ్చి చూడండి, గోరుకి తగలకపోతే పెద్దగా వినపడదు, తగిలితే టిక్ మంటది. ఎంతసేపు టిక్ మంటది అనేది లెక్కేసుకోవచ్చు. ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు. ఇరవై నిమిషాల సైడులో దాదాపు 670 చుట్లు, అవన్నీ ఎనిమిదిన్నర సెంటీమీటర్ల వెడల్పులో ఉంటాయి, అంటే సెంటీమీటరుకి 80 చుట్ల చొప్పున. ప్లేటు మధ్య వైపుకి అడ్డంగా పోయే ఒక్క సెంటీమీటరు గీత అంటే రెండు నిమిషాల పైనే టిక్ టిక్ అన్నమాట. అయినా అడ్డగీత శబ్దంతో పోద్ది, గాడి వెంబడే పోయే గీత అంతకన్నా ప్రమాదం, ముల్లు అందులో ఇరుక్కుని అదే ముక్క మళ్ళీ మళ్ళీ పాడుద్ది.

తర్వాత మధ్య రంధ్రం చూడండి. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష. లేబుల్ మీద రంధ్రం చుట్టూ సన్నటి గీతలు అటూ ఇటూ పాకి ఉంటాయి, ప్లేటు పెట్టేటప్పుడు ప్లేయర్ మధ్యలో ఉండే కడ్డీ కోసం తడుముకున్న గుర్తులవి. గుర్తులు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ మోగినట్టు. ఎవరైనా ఇది అసలు వాడనే లేదండీ అంటే మాట్లాడకుండా లేబుల్ చూడండి. రంధ్రం పెద్దదైపోయి కోలగా ఉంటే మాత్రం వద్దు, పాట ఊగుతూ వస్తది, వయొలిన్, వీణల్లో అయితే భరించలేం.

ఇంకోటి, ప్లేటుని కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని అంచు చూడండి, అప్పడంలా వంపు తిరిగిందా అని. కొంచెం ఊగితే పర్లేదు. మే నెల ఎండలో కార్లో వదిలేసినవి, ఒకదాని మీద ఒకటి పడేసి పేర్చినవి బాగా వంగిపోతాయి, కొన్నాక మీరు కూడా పుస్తకాల్లాగా నిలబెట్టే ఉంచాలి. అట్ట లోపల ఉన్నది ఆ అట్టదేనా అని కూడా చూడాలి, నవ్వకండి, పాత సామాన్ల దగ్గర ఇది రోజూ జరిగేదే, బయట మంగళంపల్లి, లోపల మంత్రాల ప్లేటు. ఎల్పీలో చివరి పాట మీకు ఇష్టమైనదైతే లోపలి గాడుల్ని ఇంకాస్త జాగ్రత్తగా చూడండి, మధ్యకి పోయేకొద్దీ చుట్టు చిన్నదై శబ్దం నాణ్యత ఎలాగూ తగ్గుద్ది, అరుగుదల తోడైతే సకారాలన్నీ ఉమ్మినట్టు వినపడతాయి.

ఎక్కడ చూడాలి అంటే, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఆదివారం ఎర్రగడ్డ, గురువారం జుమ్మేరాత్ బజార్ ఒకసారి తిరగండి, దొరికితే దొరుకుతాయి లేకపోతే లేదు, కానీ చూడ్డం అలవాటవుద్ది. ముంబై చోర్ బజార్, కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్ వైపు పనిమీద వెళ్తే సాయంత్రం ఒక గంట ఉంచుకోండి. కలకత్తా పక్కన డమ్ డమ్‌లో 1928లో పెట్టిన గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ నుంచే మన హెచ్ఎంవీ ప్లేట్లు బోలెడన్ని వచ్చాయి. వాటిలో కొన్ని కొత్తగా ఉన్నప్పుడే కొంచెం గరగరలాడేవి, కాబట్టి మన ప్లేటుకీ జపాన్ ప్లేటుకీ పోటీ పెట్టి బాధపడొద్దు.

బేరం గురించి పెద్దగా ఏం లేదు. అమ్మే ఆయన పెద్దాయనైతే బాబాయ్, లేదంటే అన్నా, పాతబస్తీలో అయితే భాయ్. "భాయ్, ఇదెంత?" అంటే "ఐదొందలు, యాంటిక్ సార్" అంటాడు. యాంటిక్ అన్న మాటకి విలువ ఇవ్వకండి. ఘంటసాల భగవద్గీత, ఎం.ఎస్. సుప్రభాతం లాంటివి అప్పట్లో ఇంటింటికీ కొన్నవి, ఎన్నో కాపీలు తిరుగుతున్నాయి, పాతదనే కారణంతో వాటికి ఎక్కువ పెట్టక్కర్లేదు, శుభ్రంగా ఉన్న కాపీ దొరికేదాకా ఆగొచ్చు. "బూజు పట్టింది కదా అన్నా, రెండొందలు చేస్కో" అని పక్కన పెట్టేసి ఇంకో నాలుగు చూడండి, ఆయనే పిలుస్తాడు. పిలవకపోతే పోన్లే.

ఇంకా ఇంట్లో పాత ఫియస్టా ప్లేయర్ (హెచ్ఎంవీ వాళ్ళ పాతకాలం మోడల్) ఉంది, దాని మీద మొదలుపెట్టనా అనేవాళ్ళకి ఒకటే మాట. అరిగిన ఈపీలు ఎలా ఉన్నాయో చూసుకోడానికి వాడండి, కొత్త ఎల్పీ మాత్రం దాని మీద పెట్టకండి. ఇప్పటి మామూలు కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించే ముక్క) ప్లేటు మీద రెండు గ్రాముల బరువుతో, చవక రకం మూడున్నర గ్రాములతో నడుస్తది, ఆ పాత సిరామిక్ పికప్పులు, ఇప్పుడొచ్చే సూట్‌కేస్ ప్లేయర్లలో చాలావరకు, అంతకన్నా బాగా బరువు. 78లకి అయితే ముల్లే వేరే ఉండాలి, వాటి గాడి ఎల్పీ గాడి కన్నా చాలా వెడల్పు.

హోంవర్క్. ఏమీ కొనొద్దు. మీ ఇంట్లోనో మేనమామ వాళ్ళింట్లోనో అటక మీద ప్లేట్లు ఉంటే ఒక ఐదు దించండి, లేకపోతే బజార్లో ఐదు చేతిలోకి తీసుకోండి. ఒక్కోదానికి ఐదు విషయాలు రాయండి: ఏ రకం, స్టాంపు ఉందా, రంధ్రం చుట్టూ గీతలు ఎన్ని, బూడిద రంగు ఏ సైడులో, వంపు ఎంత. రాసాక మీ ఇరవై పాటల లిస్టు పక్కన పెట్టుకోండి. ఆ ఐదింట్లో ఒక్క పాట కూడా మీ లిస్టుది లేకపోయినా ఇంకో ఐదు చూడాలనిపిస్తే 3వ పాఠానికి రండి, అందులో డిస్టిల్డ్ వాటర్‌తో, ఒక చుక్క గిన్నెల లిక్విడ్‌తో లేబుల్ తడవకుండా కడగడం చేద్దాం. ఈలోపు ఉత్సాహం ఆగక కడిగేద్దాం అనుకుంటే ఈపీలు, ఎల్పీలు మీ ఇష్టం, 78లని మాత్రం శానిటైజర్‌తోనో స్పిరిట్‌తోనో తుడవకండి, ఆల్కహాల్ తగిలితే లక్క కరిగిపోద్ది.