స్లైడ్లను సెకన్లకు కాక అంశాలకు ముడివేసిన విధానం

రికార్డు చేసిన పాఠంలో వీడియో, స్లైడ్లు, ప్రసంగ పాఠం బ్రౌజరులో కలిసి నడవాలి. ప్రతి స్లైడుకూ అది కనిపించవలసిన సెకను రాసి ఉండడం వల్ల, వీడియో ఆరంభాన్ని కొంత కత్తిరించగానే స్లైడ్లన్నీ మాటల కంటే వెనకబడ్డాయి. మరో భాషలో చెప్పిన ప్రతిలో వాక్యాల నిడివే మారుతుంది కనుక, అక్కడ స్లైడ్లన్నిటినీ ఒకే అంతరంతో జరిపి సరిచేసినా ప్రయోజనం ఉండదు.

అందువల్ల స్లైడ్ల నుంచి కాలాన్ని పూర్తిగా తొలగించి, పాఠంలోని ఒక్కొక్క అంశానికి మారని గుర్తింపు పేరు ఇచ్చాను. ఆ అంశం ఏ వీడియోలో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ వీడియో తాలూకు వెబ్‌వీటీటీ ఫైలు (వీడియోలోని కాల వ్యవధులకు వచనాన్ని ముడివేసే ఫైలు) మాత్రమే చెబుతుంది. స్లైడ్లూ, ప్రసంగ పాఠంలోని పేరాలూ ఆ పేరునే ధరిస్తాయి. ఆ ఫైలును వీడియోకు జతచేసే ట్రాక్ రకాన్ని 'మెటాడేటా'గా ప్రకటిస్తే అందులోని వచనం తెరపై కనిపించదు, పేజీని నడిపే స్క్రిప్టుకు (ప్రోగ్రాముకు) మాత్రం అందుతుంది. అయితే ట్రాక్ 'డిజేబుల్డ్' (నిలిపివేసిన) స్థితిలో ఉంటే క్యూలు, అంటే ఆ ఫైలులో కాల వ్యవధితో రాసిన నమోదులు, పనిచేయవు. దానిని 'హిడెన్' (కనిపించకుండా పనిచేసే) స్థితికి మార్చడం తప్పనిసరి.

స్లైడు మార్పును వీడియో నడుస్తున్నంతసేపూ బ్రౌజరు పంపే 'టైమ్‌అప్‌డేట్' ఘటనకు (సంకేతానికి) అప్పగించడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే దాని రాకల మధ్య 250 మిల్లీసెకన్ల వరకు ఎడం ఉండవచ్చు. చురుకైన క్యూ మారిందని తెలిపే 'క్యూచేంజ్' ఘటన వచ్చినప్పుడల్లా, ఆ క్షణాన చురుకుగా ఉన్న క్యూలోని పేరును చదివి స్లైడును ఎంచుకుంటే, వీక్షకులు వీడియోను ముందుకో వెనక్కో జరిపినా సరైన స్లైడే వస్తుంది. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ 1998లో సిఫారసు చేసిన స్మిల్ భాష కూడా మాధ్యమాల సమన్వయానికే పుట్టింది గాని, నేటి బ్రౌజర్లలో ఈ మార్గమే సులభం. ఇప్పుడు వీడియోను మళ్లీ కత్తిరిస్తే ఆ ఒక్క వెబ్‌వీటీటీ ఫైలును సవరిస్తే చాలు.